హాల్లో సముద్రం పెడితే ఎంత పెట్టాలి?

ప్రశ్న: నమస్తే అండి. మేం హైదరాబాద్ నిజాంపేటలో మూడో అంతస్తులో సొంత ఫ్లాట్‌లో ఉంటున్నాం. అయిదేళ్లుగా ఇంట్లో మూడడుగుల మంచినీళ్ల అక్వేరియం ఉంది, గోల్డ్‌ఫిష్‌లు బాగానే పెరుగుతున్నాయి. ఇప్పుడు పగడాలతో సముద్రపు నీళ్ల ట్యాంకు పెట్టాలని నా కోరిక. దుబాయ్ వెళ్లినప్పుడు అక్కడి మాల్‌లో పెద్ద అక్వేరియం చూసినప్పటి నుంచి మా ఆరేళ్ల పాప నీమో కావాలి, డోరీ కావాలి అని ఒకటే గొడవ. నాకేమో ఎంపరర్ ఏంజెల్ అనే చేప అంటే ప్రాణం. హాల్లో సోఫాకి ఎదురుగా 12 అడుగుల గోడ ఖాళీగా ఉంది. షాపతను 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు, 3 అడుగుల ఎత్తు చేయిద్దాం అంటున్నాడు. సముద్రపు ట్యాంకు ఎంత పెద్దదైతే నడపడం అంత తేలిక అని కూడా చెప్పాడు. మా ఆవిడ మాత్రం "స్లాబు ఆగుతుందా?" అని అడుగుతోంది. నాకూ లోపల టెన్షన్‌గానే ఉంది. ఎంత సైజు తీసుకోమంటారు?
— ఒక పాఠకుడు, నిజాంపేట

జవాబు: ముందు మీ ఆవిడ అడిగినదానికే జవాబు చెప్తాను. సైజు లెక్క మొదలవ్వాల్సింది అక్కడే.

8×2×3 అంటే 48 ఘనపుటడుగులు. ఒక ఘనపుటడుగులో 28.3 లీటర్లు పడతాయి, అంటే దాదాపు 1,360 లీటర్లు. పైన నాలుగు వేళ్ల ఖాళీ వదిలి, రాళ్లు ఆక్రమించే చోటు తీసేసినా 1,150 లీటర్లకు తగ్గదు. ఉప్పునీరు మంచినీటి కంటే కాస్త బరువు, లీటరు 1.025 కిలోలు తూగుతుంది. మూడడుగుల ఎత్తు నీటిని ఆపాలంటే 19 మిల్లీమీటర్ల అద్దం వేస్తారు. ఆ అద్దాల బరువే 330 కిలోల దాకా వస్తుంది. రాళ్లు, ఇసుక కలిపి ఒక 200, ఇనుప స్టాండు 150, నీరు శుభ్రం చేయడానికి కింద పెట్టే రెండో తొట్టి దాని నీళ్లతో సహా 250 అనుకోండి. మొత్తం రెండు టన్నులు దాటింది. ఇదంతా నిలబడేది 16 చదరపు అడుగుల మీద.

ఇళ్ల గదులకు మన దేశంలో ఇంజనీర్లు వాడే ప్రమాణం ఐఎస్ 875. దాని ప్రకారం నివాస గదుల నేలని చదరపు మీటరుకి 200 కిలోల బరువుకి డిజైన్ చేస్తారు. చదరపు అడుగుకి పద్దెనిమిదిన్నర కిలోలు. మీ షాపతను చెప్పిన ట్యాంకు చదరపు అడుగు మీద 130 కిలోలకు పైగా మోపుతుంది. ఏడు రెట్లు.

దీన్ని చూసి రేపే కూలిపోతుందని అనుకోకండి. ఆ 200 కిలోలు గది మొత్తం మీద పరిచి చూసే లెక్క. నిండా బట్టలున్న ఇనుప బీరువా కూడా తన కాళ్ల కింద ఆ లెక్క దాటుతుంది, అయినా ఇళ్లు నిలబడే ఉన్నాయి. బరువు ఎంత అన్నదానితో పాటు ఎక్కడ పడుతోంది అన్నదీ చూడాలి. స్లాబు మధ్యలో పెట్టిన టన్నుకీ, స్తంభం పక్కన బీము మీద పొడవుగా పెట్టిన టన్నుకీ చాలా తేడా ఉంది. మన అపార్ట్‌మెంట్లలో మామూలుగా గోడలు బరువు మోయవు. మోసేవి స్తంభాలు, బీములు.

మీ హాల్లో ఆ 12 అడుగుల గోడ కింద బీము ఉందో లేదో తెలుసుకోవడానికి ఒక తేలిక దారి ఉంది. కిందికి దిగి పార్కింగ్‌లో నిలబడి పైకి చూడండి. సీలింగ్ వేయరు కాబట్టి అక్కడ బీములన్నీ బయటికే కనిపిస్తాయి. మామూలుగా అన్ని అంతస్తుల్లోనూ బీములు ఒకే వరసలో వస్తాయి. మీ గోడ ఎక్కడికి వస్తుందో లిఫ్టు నుంచి అడుగులు కొలుచుకుంటే దొరుకుతుంది. అంతవరకే మీ పని. ఆ తర్వాత అసోసియేషన్ దగ్గర స్ట్రక్చరల్ డ్రాయింగులు అడిగి తీసుకుని, ఒక స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించి, కాగితం మీద రాయించుకోండి. బిల్డర్ మాట, ఇంటీరియర్ డిజైనర్ మాట, మేస్త్రీ "ఏం కాదు సార్" అనే మాట, ఈ మూడూ వద్దు. బాల్కనీలో పెడదాం అనే ఆలోచన ఉంటే ఇప్పుడే తీసేయండి. గోడ బయటికి వేలాడే స్లాబు అది, పైగా ఎండ.

ఇక షాపతను చెప్పిన కొలతల సంగతి. పొడవు 8, వెడల్పు 2, ఎత్తు 3. ఇది ఎదురుగా నిలబడి చూసేవాళ్ల కోసం చేసిన కొలత. టీవీలాగా ఉంటుంది. చేతులు పెట్టి పని చేయాల్సినవాడికి మాత్రం ఇది శిక్ష. నేను అనుభవించే చెప్తున్నాను. నా రెండో ట్యాంకు ఎవరో ఊరు వదిలి వెళ్తూ చవగ్గా ఇచ్చిన మూడడుగుల ఎత్తుది. స్టాండుతో కలిపి పై అంచు నా నుదురు దాకా వచ్చేది. స్టూలెక్కి, చొక్కా విప్పి, చెవి నీళ్లకి ఆనేదాకా వంగినా నా వేళ్లు అడుగు అంటేవి కావు. మన చెయ్యి చంక నుంచి వేలి కొస దాకా అటూ ఇటుగా రెండడుగులే. ట్యాంకు ఎత్తు అంతకు మించితే, అడుగున పడ్డ పగడం ముక్క అక్కడే చస్తుంది, మూలలో పేరుకున్న మడ్డి అక్కడే కుళ్లుతుంది. ఏడాదిలోనే దాన్ని ఇంకొకళ్లకి ఇంకా చవగ్గా ఇచ్చేశాను.

ఎత్తుతో ఇంకో చిక్కు ఉంది. అద్దం మీద నీటి ఒత్తిడి నీరు ఎన్ని లీటర్లుందన్న దాన్ని బట్టి పెరగదు, ఎంత ఎత్తు నిలబడిందన్న దాన్ని బట్టి పెరుగుతుంది. ఎత్తు రెండడుగుల నుంచి మూడడుగులకి పెంచితే ముందు అద్దం మీద మొత్తం తోపుడు రెండుంపావు రెట్లవుతుంది. అందుకే అద్దం అంత మందం వేయాలి, ఖర్చూ అంత పెరుగుతుంది. లైట్లు కూడా మూడడుగుల లోతుకి దిగాలంటే బలమైనవి కావాలి. ఇన్ని చేసినా చేపలకి ఒరిగేదేమీ లేదు. టాంగ్ లాంటి చేప (మీ పాప అడిగిన డోరీ ఆ జాతే) అడ్డంగా ఈదుతుంది, లిఫ్టులో లాగా పైకీ కిందికీ ఈదదు.

ఆ డబ్బు వెడల్పు మీద పెట్టండి. రెండడుగుల వెడల్పులో అద్దం శుభ్రం చేయడానికి ముందు నాలుగు అంగుళాలు, నీరు తిరగడానికి వెనక నాలుగు అంగుళాలు వదిలేస్తే రాళ్లకి మిగిలేది పదహారు అంగుళాలు. అందులో ఎంత పేర్చినా గోడ కట్టినట్టే ఉంటుంది. రెండున్నర అడుగులైతే గుహలు, వంతెనలు, ముందో గుట్ట వెనకో గుట్ట పెట్టొచ్చు. ఒక చేప తరిమితే ఇంకో చేప చుట్టూ తిరిగి దాక్కునే దారి దొరుకుతుంది. గాలితో కలిసే నీటి పైభాగం కూడా పెరుగుతుంది కాబట్టి ఆక్సిజన్ బాగా అందుతుంది.

"ఎంత పెద్దదైతే అంత తేలిక" అన్న మాట సగం నిజం. వంద లీటర్ల ట్యాంకులో వేసవిలో రోజుకి మూడు లీటర్లు ఆవిరైతే, నీరే పోతుంది గానీ ఉప్పు పోదు, కాబట్టి లీటరుకి 35 గ్రాములుండాల్సిన ఉప్పు సాయంత్రానికి 36 దాటుతుంది. మీరు రెండు రోజులు ఊరెళ్లి వస్తే ఇంక చెప్పక్కర్లేదు. రాయి వెనక ఒక చేప చచ్చి మీరు గమనించకపోతే దాని అమ్మోనియా వంద లీటర్లలో విషమవుతుంది, తొమ్మిది వందల లీటర్లలో చాలావరకు సర్దుకుపోతుంది. కరెంటు పోయినప్పుడు పెద్ద నీరు మెల్లగా వేడెక్కుతుంది. ఇంతవరకూ అతని మాట రైటే. మిగతా సగం అతను చెప్పలేదు. ఒక స్థాయి దాటాక నీరు పెరిగితే నిలకడ పెద్దగా పెరగదు, చాకిరీ మాత్రం లీటరు లీటరుకీ పెరుగుతూనే ఉంటుంది. నా లెక్కలో ఇంట్లో ఒక్కడే చూసుకునే ట్యాంకుకి ఆ హద్దు 700 నుంచి 900 లీటర్ల మధ్య ఉంది.

జబ్బు వచ్చినప్పుడైతే పెద్ద ట్యాంకే ఎదురు తిరుగుతుంది. ఉప్పునీటి చేపలకి తెల్ల మచ్చల జబ్బు మామూలు, డోరీకి మరీను. దానికి వాడే రాగి మందు పగడాలున్న ట్యాంకులో పోస్తే అవి చచ్చిపోతాయి. చేపల్ని పట్టి వేరే తొట్టిలో పెట్టే వైద్యం చేయాలి. ఎనిమిదడుగుల ట్యాంకులో, రాళ్ల గుహల మధ్య, భయపడ్డ చేపని వలతో పట్టడం ఎప్పుడైనా చూశారా? ఆదివారం పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నానికి రాళ్లన్నీ హాల్లో బకెట్లలో ఉంటాయి, చేప ఇంకా ట్యాంకులోనే ఉంటుంది. అందుకే కొత్త చేపల్ని కనీసం నాలుగు వారాలు విడిగా ఉంచడానికి ఇంకో చిన్న తొట్టి కూడా మీ ప్లాన్‌లో ఉండాలి. దానికీ చోటు, ప్లగ్గు కావాలి.

ఇప్పుడు నీళ్ల లెక్క. ఇక్కడ కాస్త ఆగి చదవండి, ఎక్కువమంది చేతులెత్తేసేది దీని దగ్గరే.

నిజాంపేట వైపు బోరు నీళ్లు ఎంత గట్టివో మీ గీజర్ కాయిల్‌ని అడిగితే చెప్తుంది. వాటితో ఈ ట్యాంకు నడవదు. టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల కొలత, సున్నా దగ్గరికి రావాలి, అంటే ఆర్‌వో తర్వాత డీఐ అనే రెజిన్ ఫిల్టరు కూడా ఉండాలి. వంటింట్లో ఉన్న ఆర్‌వో సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అది తాగడానికి రుచిగా ఉండాలని మళ్లీ కొంచెం లవణాలు కలుపుతుంది, మనకి అవే వద్దు. పైగా అలాంటి మెషిన్ గంటకి 15 లీటర్లు ఇస్తుందనుకున్నా 900 లీటర్లకి 60 గంటలు ఆపకుండా నడవాలి. ఒక లీటరు మంచి నీరు వచ్చేసరికి రెండు మూడు లీటర్లు వృథాగా బయటికి పోతుంది. మే నెలలో ట్యాంకర్ కోసం అసోసియేషన్ వాట్సాప్ గ్రూపులో గొడవలు జరుగుతున్నప్పుడు ఈ పని పెట్టుకోకండి. వర్షాలు పడ్డాక నింపండి. వృథా నీటిని డ్రమ్ములో పట్టి ఇల్లు తుడవడానికి, బాత్రూములకి వాడుకోవచ్చు.

మొదటిసారి నింపడానికి లీటరుకి 36, 37 గ్రాముల చొప్పున ఉప్పు కావాలి. వంటుప్పు కాదు, దీనికోసమే చేసిన సముద్రపు ఉప్పు మిశ్రమం. 900 లీటర్లకి 33 కిలోలు. ఆ తర్వాత వారానికి పదో వంతు నీరు మార్చడం మంచి అలవాటు, అంటే 90 లీటర్లు. ఇరవై లీటర్ల నీళ్ల క్యాన్లతో చెప్పాలంటే నాలుగున్నర. 8×2×3 అయితే కింది తొట్టితో కలిపి నీరు 1,400 దాకా వెళ్తుంది, వారానికి ఏడు క్యాన్లు. ఒక్కోటి ఇరవై కిలోలు. కలపాలి, వేడి చూడాలి, ఉప్పు కొలవాలి, పాత నీరు తోడాలి, కొత్తది పోయాలి. రోజూ ఆవిరయ్యే ఎనిమిది, పది లీటర్ల మంచి నీరు దీనికి అదనం.

చల్లదనం గురించి ఒక మాట. పగడాల ట్యాంకు 25, 26 డిగ్రీల దగ్గర ఉండాలి. ఏప్రిల్‌లో మీ హాలు పగలంతా ఏసీ లేకుండా 33 ఉంటుంది. చిల్లర్, అంటే నీటిని చల్లబరిచే మెషిన్, తప్పదు. హైదరాబాద్ ఎండాకాలం గాలి పొడిగా ఉంటుంది కాబట్టి నీటి మీద రెండు చిన్న ఫ్యాన్లు పెట్టినా రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది, కుండలో నీళ్లు చల్లబడ్డట్టే. విశాఖపట్నంలో ఉన్నవాళ్లకి ఈ చిట్కా పెద్దగా పనిచేయదు, అక్కడ గాలిలోనే తేమ ఎక్కువ. ఫ్యాన్లు పెట్టుకుంటే చిల్లర్ మీద భారం తగ్గుతుంది గానీ పోయాల్సిన నీరు పెరుగుతుంది. చిల్లర్‌ని స్టాండు లోపల పెట్టించకండి, దాని వేడి దానికే తగిలి రోజంతా ఆగకుండా తిరుగుతుంది. యుటిలిటీ వైపు పైపు వేయించుకోండి. ఆరడుగుల ట్యాంకుకి లైట్లు, పంపులు, చిల్లర్ అన్నీ కలిపి వేసవిలో రోజుకి 12, 13 యూనిట్లు అవుతుందని నా అంచనా, అంటే నెలకి 400 దగ్గర. ఏసీ బిల్లు పైన ఇది. కరెంటు బిల్లు స్లాబ్ దాటితే యూనిట్ రేటు కూడా మారుతుంది కదా.

ఇక చేపలు. పాప అడిగిన నీమో గురించి అసలు చింత లేదు. క్లౌన్ చేపల జంట వంద లీటర్లలో కూడా హాయిగా బతుకుతుంది. మన కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ వీటిని హేచరీలో పెంచే పద్ధతిని ఎప్పుడో సాధించింది, కాబట్టి సముద్రంలో పట్టినవి కాకుండా ఇక్కడే పెరిగినవి అడిగి తీసుకోండి. అవి మేతకి త్వరగా అలవాటు పడతాయి.

డోరీ సంగతి వేరు. అది బ్లూ టాంగ్. షాపులో రెండంగుళాలుంటుంది, పెరిగితే అడుగు దాకా వస్తుంది, రోజంతా అటూ ఇటూ పరిగెడుతూనే ఉంటుంది. దానికి ఆరడుగుల పొడవు కనీసం. మీ ట్యాంకు పొడవుని నిర్ణయించేది మీ గోడ కాదు, ఈ చేప. అది వద్దనుకుంటే నాలుగడుగుల ట్యాంకు చాలు, ఈ ఉత్తరంలో సగం తలనొప్పులు పోతాయి. కానీ ఆరేళ్ల పాపకి ఆ మాట మీరే చెప్పుకోండి.

ఎంపరర్ ఏంజెల్ మీద నా ఓటు వద్దనే. అందం గురించి వాదన లేదు. చిన్నప్పుడు ముదురు నీలం మీద తెల్లని వలయాలు, పెద్దయ్యాక పసుపు చారలు, రెండూ ఒకే చేప అంటే నమ్మబుద్ధి కాదు. కానీ 40 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది, మెత్తని పగడాలు కనిపిస్తే కొరుకుతుంది. అది కావాలంటే పగడాలు వదులుకుని, ఎనిమిదడుగులు కట్టుకోండి. రెండూ కావాలంటే అప్పుడు మీరు నడపాల్సింది ఇంటి ట్యాంకు కాదు, చిన్న మ్యూజియం.

పగడాల గురించి షాపతను చెప్పాడో లేదో గానీ నేను చెప్పాలి. ఫోటోల్లో చూసే కొమ్మల పగడాలు, మెదడు పగడాలు, అంటే గట్టి అస్థిపంజరం ఉన్న రాతి పగడాలన్నీ 2001 నుంచి మన వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూల్‌లో ఉన్నాయి. పులి ఉన్న జాబితా అది. సముద్రపు గుర్రాలూ అందులోనే ఉన్నాయి. అవి ఇంట్లో పెట్టుకోవడం నేరం. ఎవరో అమ్ముతున్నారు, ఇంకెవరో పెట్టుకున్నారు అన్నది మీకు రక్షణ కాదు. సముద్రం నుంచి తెచ్చిన "లైవ్ రాక్" కూడా పాత పగడపు రాయే, దాని జోలికీ పోకండి. సిమెంటుతోనో సెరామిక్‌తోనో చేసిన రాళ్లు వాడండి. అందులో మంచి బాక్టీరియా స్థిరపడటానికి నెలో రెండు నెలలో ఎక్కువ పడుతుంది, అంతే. జోవాంథస్, మష్రూమ్, లెదర్ లాంటి మెత్తని పగడాలు ఆ జాబితాలో లేవు. వాటినైనా బిల్లుతో, ఎక్కడి నుంచి వచ్చాయో కాగితం చూపించగల చోటే కొనండి. ఒక జాగ్రత్త. జోవాంథస్‌లలో కొన్నిటికి పాలిటాక్సిన్ అనే ఘోరమైన విషం ఉంటుంది. గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా ముట్టుకోకండి, అవి పెరిగిన రాయిని వేడినీళ్లలో ఉడకబెట్టకండి, పాప చేతికి అందనివ్వకండి.

చట్టం వల్ల మీకొక మేలు జరిగింది. మెత్తని పగడాలకి రాతి పగడాలకున్నంత ఎండ అక్కర్లేదు. ఎల్ఈడీ లైట్లు సాధారణంగా ఒక్కోటి రెండడుగుల చదరాన్ని వెలిగిస్తాయి కాబట్టి ఆరడుగులకి మూడు చాలు. ఏడడుగులు పెడితే ఎనిమిదికి పెట్టినంత లైట్లు కొనాలి. అందుకే లైట్లు లెక్కేసేవాళ్లు ఏడడుగుల జోలికి పోరు.

నా మాట ఇదీ: 6×2½×2. పొడవు ఆరు, వెడల్పు రెండున్నర, ఎత్తు రెండు. కొలతకి 850 లీటర్లు, నిజంగా పట్టే నీరు 730, 750. కింది తొట్టితో కలిపి 900. అద్దం 12 మిల్లీమీటర్లు వేసి, పై అంచు చుట్టూ అద్దం పట్టీ వేయించండి. తయారుచేసేవాళ్లు 15 వేద్దామంటే కాదనకండి. మొత్తం బరువు 1,300, 1,350 కిలోలు, 15 చదరపు అడుగుల మీద. ఇది కూడా 200 కిలోల ప్రమాణం దాటేదే, కాబట్టి ఇంజనీరు లేకుండా దీనికీ నేను సరే అనను. కానీ 8×2×3తో పోలిస్తే ఎనిమిది వందల కిలోలు తక్కువ. ఇంజనీరు ఇది కూడా కుదరదంటే 4×2×2కి దిగండి. 450 లీటర్లు, క్లౌన్లు, చిన్న చేపలు, కావలసినన్ని మెత్తని పగడాలు. నేను చూసిన అందమైన ట్యాంకుల్లో ఎక్కువ ఈ సైజువే.

వెడల్పు రెండున్నర అన్నానని హాల్లో అంతే పోతుందనుకోకండి. వెనక పైపులకి అయిదారు అంగుళాలు వదలాలి, మొత్తం మూడడుగులు. పక్కన ఒకవైపైనా మనిషి దూరేంత చోటు ఉండాలి.

కింది తొట్టిని అందరూ సంప్ అంటారు. అపార్ట్‌మెంట్ కింద నీళ్ల సంప్‌కీ దీనికీ సంబంధం లేదు. పై ట్యాంకు నుంచి పొంగిన నీరు ఇందులోకి దిగుతుంది, స్కిమ్మర్ మురికి తీస్తుంది, పంపు మళ్లీ పైకి పంపుతుంది. కరెంటు పోగానే పంపు ఆగుతుంది, పై ట్యాంకులో ఓవర్‌ఫ్లో అంచుకి పైన ఉన్న నీరంతా కిందికి దిగుతుంది. 6×2½ ట్యాంకులో ఒక్క అంగుళం నీరంటే 35 లీటర్లు. రెండంగుళాలు దిగితే 70. సంప్‌లో ఆ 70 లీటర్ల ఖాళీ ఎప్పుడూ ఉండాలి. నాకు ఈ లెక్క తెలిసేసరికి ఆలస్యమైంది. ఒక అర్ధరాత్రి కరెంటు పోయింది, నేను నిద్రలో ఉన్నాను. తెల్లవారుజామున కింది ఫ్లాట్ పెద్దాయన వచ్చి తలుపు కొట్టి, "బాబూ, మా దేవుడి గదిలో వాన పడుతోంది" అన్నాడు. మామూలు నీరైతే సున్నం వేయిస్తే పోయేది. ఉప్పునీరు స్లాబులోకి దిగితే లోపలి ఇనుముకి తుప్పు పడుతుంది. అందుకే ట్యాంకు కింద నేలకి వాటర్‌ప్రూఫింగ్ చేయించి, అంచులున్న ట్రే వేయించండి. ట్యాంకులో నీటిని కదిపే వేవ్‌మేకర్ పంపుల్ని ఇన్వర్టర్ లైనుకి కలపండి, కరెంటు లేనప్పుడు నీరు కదిలితే చాలు చేపలకి ఊపిరాడుతుంది.

ట్యాంకు ఇంట్లోకి ఎలా వస్తుందో అడిగారా? ఆరడుగుల ట్యాంకు మీ లిఫ్టులో పట్టదు. ఖాళీదే 140 కిలోల పైన ఉంటుంది, మెట్ల మలుపుల దగ్గర తిప్పాలి. మలుపు వెడల్పు టేపుతో కొలవండి. తిరగకపోతే అద్దాలు విడిగా తెచ్చి హాల్లోనే అతికిస్తారు. అలా చేస్తే సిలికాన్ వారం రోజులైనా ఆరాలి, ఆ తర్వాత మామూలు నీళ్లు పోసి మూడు రోజులు చూడాలి. ఈలోగా బంధువులెవరినీ పిలవకండి. ఆ సిలికాన్ వాసన భరించడం కష్టం.

అడ్వాన్సు ఇచ్చే ముందు రెండు పనులు చేయండి. హాల్లో నేల మీద పేపర్లు పరిచి, 6×3 అడుగుల మేర టేపు అంటించి, నెల రోజులు అలాగే ఉంచండి. దాని మీద ఎవరూ నడవకూడదు, కుర్చీ వేయకూడదు. రెండోది, ప్రతి ఆదివారం అయిదు క్యాన్లు నింపి వంటింట్లో నుంచి ఆ గోడ దాకా మోసి, మళ్లీ బాత్రూములో పారబోయండి. పనిమనిషితో కాదు, మీరే. నాలుగో ఆదివారం కూడా మీకు విసుగు పుట్టకపోతే, ఇంజనీరు కాగితం చేతికి రాగానే స్టాండు చేయించుకోండి. బీము ఆ గోడ కిందే ఉందో, పక్కకి జరిగిందో నాకూ రాయండి. పక్కకి ఉంటే ట్యాంకు ఏ గోడకి మార్చాలో హాలు ప్లాన్ చూసి చెప్తాను.